నాయనమ్మ చెప్పిన ఇశ్రాయేలీయులు

చిన్నాన్న పోయాక జ్ఞాపకార్థ కూడికకి ఊరెళ్లాను. ఒంగోలు నుంచి గుండ్లకమ్మ వైపు పోయే దారిలో మా పాలెం. కూడిక అయి, భోజనాలయి, జనం సర్దుకుంటుండగా పిన్ని అటక మీది రేకుపెట్టె దింపించింది. మూత తియ్యగానే ఎండిన వేపాకు వాసన, దాని వెనకాలే కిరసనాయిలు, పాతగుడ్డ కలిసిన ముక్కవాసన. లోపల ఏముందో నాకు చూడక్కర్లేకపోయింది. నాయనమ్మ బొమ్మల చుట్ట.

నాయనమ్మ బైబిలు స్త్రీ. ఇప్పటి పిల్లలకి ఆ మాటే తెలియదు. మిషన్ వాళ్ల రోజుల్లో ఊళ్లు తిరిగి ఆడవాళ్లకీ పిల్లలకీ వాక్యం చెప్పే పని అది. చేతికొచ్చేది జీతం అనుకోవడానికి చాలదు, ఊరికే చేస్తోంది అనడానికీ లేదు. తెల్లచీర, నల్లగొడుగు, భుజాన గుడ్డసంచి, చంకలో చుట్ట. నాకు ఊహ తెలిసేసరికే మిషన్ దొరలు వెళ్లిపోయారు, జీతం ఆగిపోయింది. నాయనమ్మ తిరగడం మాత్రం ఆగలేదు. సెలవులొస్తే సంచి మోసే పని నాది.

పగలు చెబితే వినేవాళ్లెవరు? అందరూ కూలికి పోయేవాళ్లే. పొద్దుగూకి, పొయ్యిలారి, సంగటి తిన్నాక ఒక్కొక్కరే వచ్చి వేపచెట్టు కింద కూర్చునేవాళ్లు. పెట్రమాక్స్ లైటుకి పంపు కొట్టడం పెద్ద కార్యక్రమం. మాంటిల్ తెల్లగా వెలిగి బుస్సుమని మొదలయ్యేదాకా పిల్లలెవరూ కిమ్మనేవాళ్లు కాదు. ఆ బుస్సు కథ అయ్యేదాకా వెనకాల వినబడుతూనే ఉండేది. చుట్టని కొమ్మకి కట్టి, నాయనమ్మ ఒక్కో బొమ్మా వెనక్కి తిప్పేది. పడవల్లాంటి చెప్పులేసుకున్న ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో, అతని బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయుల్ని నడిపించుకుపోయిన ఎర్రగడ్డం మోషే, రెండుగా చీలిన సముద్రం, నిలబడిన నీళ్ల గోడల్లో ఎవరో బొమ్మలేసేవాడు సరదాకి గీసిన చేపలు. ఆ చేపల్ని చూడ్డానికే ముందు వరసలో చోటు కోసం కొట్టుకునేవాళ్లం.

చుట్టలో బాగా నలిగిపోయిన బొమ్మ ఇటుకలది. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు మట్టి తొక్కుతుంటారు, పక్కన కొరడా పట్టుకున్న కంగాణి. ఇకనుంచి గడ్డి మీరే తెచ్చుకోవాలి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదు అని ఫరో హుకుం. ఇక్కడికొచ్చేసరికి, దూరంగా చీకట్లో బీడీలు కాల్చుకుంటున్న మగవాళ్లు కూడా లేచి దగ్గరికొచ్చేవాళ్లు. మట్టిలో గడ్డిపోచలు కలవకపోతే గోడ ఎండి బీటలేస్తుందని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. "గడ్డికి పోతే మట్టి తొక్కేదెవురమ్మా?" అని అడిగేవాడు ఒక ముసలాయన. ప్రతిసారీ ఆయనే అడిగేవాడు. నాయనమ్మ ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు, "అదే గదా పెద్దయ్యా వాడి ఎత్తు!" అనేది.

నేను సోషల్ టీచర్నయ్యాక ఒక పుస్తకంలో లుక్సోరు దగ్గరున్న రెఖ్మిరే అనే ఐగుప్తు మంత్రి సమాధి బొమ్మలు చూశాను. క్రీ.పూ. 15వ శతాబ్దం నాటివి. గుంటలోంచి నీళ్లు తోడేవాళ్లు, మట్టి కలిపేవాళ్లు, చెక్క అచ్చుతో ఇటుక కోసేవాళ్లు, కర్ర పట్టుకుని కూర్చున్న మేస్త్రీ. వాళ్లు ఇశ్రాయేలీయులు కారు. నూబియా నుంచి, సిరియా వైపు నుంచి పట్టుకొచ్చినవాళ్లు. అయినా ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు. అచ్చు ఎత్తే మనిషి నడుం వంచిన తీరు మా ఊరి బట్టీలో రోజూ చూసేదే.

మా వాళ్లకి ఇటుకల కథ అంత దగ్గర కావడానికి ఇంకో కారణం ఉంది. నాయనమ్మ వాళ్ల ముత్తాతలు ధాత కరువు చూసినవాళ్లు. 1876లో మొదలై రెండేళ్లు పీడించిన కరువది. అప్పుడు ప్రభుత్వం బకింగ్‌హాం కాలవ తవ్విస్తుంటే, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కొన్ని మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకుని చుట్టుపక్కల పల్లెల జనానికి పని ఇచ్చాడు. కూటికోసం కలిశారన్న మాట రాకుండా కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ మునిగినవాళ్లలో మా ఇంటివాళ్లూ ఉన్నారని నాయనమ్మ చెప్పేది. ఎర్రసముద్రం బొమ్మ తిప్పినప్పుడల్లా గుండ్లకమ్మ ప్రస్తావన రావాల్సిందే. చిన్నప్పుడు నా లెక్కలో రెండూ ఒకే చోట ఉండేవి.

* * *

మన్నా కథ చెప్పే రోజు వేరే సందడి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం అది. ఆ రోజు నాయనమ్మ వంటింట్లోంచి ధనియాలు తెచ్చి పిల్లల అరచేతుల్లో తలా కాసిని పోసేది. మన్నా కొత్తిమీర గింజ మాదిరి ఉండేదని, తేనె కలిపిన అప్పాల రుచి అని గ్రంథంలో ఉంది కదా. ధనియం నోట్లో వేసుకుని తేనె రుచి వస్తుందేమోనని కళ్లు మూసుకుని నమిలేవాళ్లం. మనిషికి ఒక ఓమెరు (అప్పటి కొలత) చొప్పునే ఏరుకోవాలి, రేపటికని దాస్తే పురుగు పట్టేది, విశ్రాంతిదినం ముందు రోజు మాత్రం రెండింతలు. బళ్లో మధ్యాహ్నం పెట్టే అమెరికా నూక ఉప్మా కూడా మన్నాయే అని మా బెంచీలో తీర్మానించాం. దాన్ని కూడా మర్నాటికి దాస్తే పురుగు పట్టేది, కాబట్టి రుజువు దొరికినట్టే.

అయితే నాయనమ్మ అసలు హుషారు సణుగుడు దగ్గర. అరణ్యంలో మన్నా మొహం మొత్తి, ఐగుప్తులో చేపలు తిన్నాం, కీరకాయలు తిన్నాం, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు తిన్నాం అని ఏడ్చారు చూడండి, ఆ పేరా ఆవిడ నోట వినాల్సిందే. చీరచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మా వీధిలో ఒకావిడ గొంతు అచ్చంగా దింపేది. "వీపు మీద దెబ్బలు మర్చిపోయారు గానీ, ఉల్లిగడ్డ మర్చిపోలా చూడు!" అందరూ నవ్వేవాళ్లు. ఆ వీధి ఆవిడ కూడా. పాలేరుతనం వదిలి పట్నం పోయి, రిక్షా తొక్కలేక మళ్లీ ఆసామి దగ్గరికే తిరిగొచ్చిన మా బంధువొకాయన మాత్రం నవ్వేవాడు కాదు. నాయనమ్మ అది గమనించి, వెంటనే పూరేళ్ల బొమ్మ తిప్పేసేది.

తర్వాతి రోజుల్లో చాలామంది బోధకుల్ని విన్నాను. ఇశ్రాయేలీయుల సణుగుడంటే అందరూ వేలెత్తి చూపించేవాళ్లే. ఆవిడొక్కతే వాళ్లని మన వీధివాళ్లని చేసి తిట్టేది. కాళ్లు నొప్పి పుట్టి, కడుపు కాలి, ముందు ఏముందో తెలియక సణిగారు, నువ్వైతే సణగవా అనేది.

యెరికో ఆట చెప్పకపోతే మా తమ్ముడు ఊరుకోడు. ఇశ్రాయేలీయులు చుట్టూ తిరిగి కేకలేస్తే గోడలు కూలాయని చెప్పే పట్నం యెరికో. ఆసామి గడ్డివామి చుట్టూ ఆరు రోజులు రోజుకొకసారి, నోరు మూసుకుని తిరిగాం. ఏడో రోజు ఏడుసార్లు. బూరలకి బొప్పాయి ఆకు కాడలు. ఆఖరి చుట్టులో కేకలేశాం. వామి పడలేదు గానీ దాని వెనక నిద్రపోతున్న జీతగాడు లేచి దుడ్డుకర్ర పట్టుకున్నాడు. "మేం యాజకులం!" అని అరుస్తూ తమ్ముడు పంటకాలవలో దూకాడు. ఆ యెరికోలో 1950లలో కాథ్లీన్ కెన్యన్ అనే ఆవిడ తవ్వకాలు జరిపి, మోషే తర్వాతి నాయకుడు యెహోషువ నాటిదని అనుకునే కాలానికి అక్కడ కూలడానికి గోడలే కనబడలేదని తేల్చింది. ఆ ముక్క చెబితే తమ్ముడు, "మాకూ కూలలేదు" అన్నాడు.

* * *

ఎన్నికలొస్తే ఊళ్లోకి మైకు కట్టిన జీపులొచ్చేవి. జీపు వెళ్లిపోయాక ఆ సాయంత్రం నాయనమ్మ తప్పకుండా సమూయేలు గ్రంథం ఎత్తేది. మాకూ ఒక రాజు కావాలని జనం పట్టుబడితే ముసలి ప్రవక్త సమూయేలు ఏం చెప్పాడు? మీ కొడుకుల్ని రథాల ముందు పరిగెత్తిస్తాడు, మీ కూతుళ్లని వంటలక్కలుగా పెట్టుకుంటాడు, మీ మంచి పొలాలు తీసుకుని తన వాళ్లకిస్తాడు, పంటలో పదోవంతు లాగుతాడు. అయినా జనం రాజే కావాలన్నారు. ఎవరికి ఓటెయ్యమని మాత్రం ఆవిడ ఏనాడూ చెప్పలేదు. చెప్పినట్టు అందరికీ అర్థమయ్యేది.

నాబోతు ద్రాక్షతోట కథకి బొమ్మ లేదు. అయినా అదే ఎక్కువసార్లు చెప్పించుకునేవాళ్లు. రాజు అహాబు కోటపక్కన నాబోతు తోట. కూరగాయలు వేసుకుంటా, నాకిమ్మన్నాడు. పిత్రార్జితం, ఇవ్వనన్నాడు నాబోతు. రాజు అలిగి మంచమెక్కితే, రాణి యెజెబెలు రాజు పేర ఉత్తరాలు రాసి ముద్ర వేసి, ఇద్దరు దొంగసాక్షుల్ని కూర్చోబెట్టి, నాబోతుని రాళ్లతో కొట్టించి చంపింది. మా పాలెంలో దీనికి వ్యాఖ్యానం అవసరం లేదు. ఏ చెరువుకింది చెక్క ఎవరి పేరు మీంచి ఎవరి పేరు మీదికి ఎలా పోయిందో ఆడా మగా అందరికీ తెలుసు. ప్రవక్త ఏలీయా వచ్చి, చంపి ఆస్తి కూడా స్వాధీనం చేసుకున్నావా అని అహాబుని మొహం మీదే నిలదీసిన చోట ఆడవాళ్లు "ఆమేన్" అనేవాళ్లు. అది గుళ్లో అనే ఆమేన్ కాదు.

అహాబు పేరు బైబిలు బయట కూడా ఉంది. క్రీ.పూ. 853లో కర్కారు దగ్గర అష్షూరు (అస్సీరియా) రాజు షల్మనేసెరు చేసిన యుద్ధం తాలూకు శాసనంలో, ఎదురు నిలిచిన రాజుల జాబితాలో ఇశ్రాయేలువాడైన అహాబు 2,000 రథాలతో వచ్చాడని ఉంది. అంత పెద్ద యుద్ధం గురించి బైబిలు ఒక్క ముక్క కూడా రాయలేదు. రాసింది ఒక కూరగాయల తోట గొడవ. పిల్లలకి పాఠం చెబుతూ ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. శాసనం రథాలు లెక్కపెట్టుకుంది. నాబోతు సంగతి నాయనమ్మ చేతిలో పుస్తకమే పట్టించుకుంది.

* * *

ఎమ్మే చదివే రోజుల్లో కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, చదివినవన్నీ తెచ్చి నాయనమ్మ మీద పరీక్షించేదాన్ని. ఆరు లక్షలమంది మగవాళ్లు, ఆడవాళ్లూ పిల్లలూ కాకుండా, ఐగుప్తు దాటి వెళ్లారని నిర్గమకాండంలో ఉంది. ఐగుప్తు రాతల్లో మాత్రం ఆ ప్రయాణం ఊసే లేదు. బైబిలు బయట ఇశ్రాయేలు పేరు మొట్టమొదట కనిపించేది మెర్నెప్తా అనే ఫరో శిలాఫలకంలో, క్రీ.పూ. 1208 ప్రాంతంలో. 1896లో పెట్రీ అనే పురావస్తు పరిశోధకుడు తవ్వితే బయటపడింది. ఆ రాతిలో ఇశ్రాయేలు అంటే దేశం కాదు, ఒక జనం గుర్తు మాత్రమే. పైగా, వాళ్లని తుడిచిపెట్టేశాం, విత్తనం కూడా మిగల్లేదని ఫరో గొప్పలు. ఆ కాలంలోనే కనాను (ఇప్పటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతం) కొండల మీద వందలకొద్దీ చిన్న చిన్న పల్లెలు పుట్టుకొచ్చాయి. కోటల్లేవు, రాజభవనాల్లేవు. అంచెలు కట్టిన చేలు, వాననీటి తొట్లు, ధాన్యం దాచుకునే పెద్ద బానలు. పందుల ఎముకలు దాదాపు లేవు. ఆ పల్లెలవాళ్లే తొలి ఇశ్రాయేలీయులని, వాళ్లలో ఎక్కువమంది బయటినుంచి వచ్చినవాళ్లు కాదు, కనానువాళ్లే అని చాలామంది పండితుల మాట.

నాయనమ్మ చింతపండు పిక్కలు తీస్తూ అంతా విన్నది. కోపం రాలేదు.

"కాలవ తవ్విన్నాడు మీ ముత్తాతల పేర్లు ఏ కరణం రాశాడే?" అన్నది.

నేను మాట్లాడలేదు.

"తన దగ్గర వెట్టి చేసేవాళ్లు పారిపోయారని ఫరో రాతిమీద చెక్కించుకుంటాడా? ఇత్తనం లేదన్నాడా? మరి ఆ ఇత్తనం పేరు నువ్వు నాకు చదివి చెబుతున్నావు గదా." ఒక పిక్క తీసి చాటలో పారేసి, "ఆరు లక్షలో ఆరు వందలో, లెక్క నాకెందుకు గానీ, కాళ్లకి చెప్పులున్నాయా వాళ్లకి?" అన్నది. చెప్పులు అరిగిపోలేదని ద్వితీయోపదేశకాండంలో ఉందిలే అని తనే సమాధానం చెప్పుకుంది.

ఈ వాదన గురించి పండితులు ఎంత రాసినా, కరణం ప్రశ్నకి నాకు ఇంతవరకూ జవాబు దొరకలేదు.

* * *

చాలా ఏళ్ల తర్వాత, నాయనమ్మ లేకుండా పోయాక, మా అమ్మాయి లండన్లో ఉన్నప్పుడు బ్రిటిష్ మ్యూజియం చూపించింది. నీనెవెలో అష్షూరు రాజు సన్హెరీబు కోటగోడలకి ఉన్న లాకీషు రాతిపలకలు అక్కడ ఒక గది నిండా ఉన్నాయి. క్రీ.పూ. 701లో యూదా (ఇశ్రాయేలీయుల దక్షిణాది రాజ్యం)లోని లాకీషు పట్నాన్ని ముట్టడించి పట్టుకున్న వైనం. నిచ్చెనలు, విల్లులు, గోడ బద్దలుకొట్టే యంత్రాలు. అందరూ వాటి ముందు ఫోటోలు దిగుతున్నారు. నేను మాత్రం కుడివైపుకి పోయి ఆగిపోయాను. ఊరొదిలి పోతున్న జనం. ఎద్దులబండి, దానిమీద మూటలు, మూటలమీద ఆడవాళ్లు, పిల్లలు. మగవాళ్లు కాళ్లకి చెప్పుల్లేకుండా పక్కన నడుస్తున్నారు. చెక్కించింది గెలిచిన రాజు, తన గొప్ప కోసం. ఆ మూటలు కట్టిన తీరు చెక్కినవాడు మాత్రం ఎవరో వలస చూసినవాడే. అదే దండయాత్రలో యూదా రాజు హిజ్కియాని యెరూషలేములో పంజరంలో పక్షిని చేశానని సన్హెరీబు రాయించుకున్నాడు. పట్నాన్ని పట్టుకున్నానని మాత్రం రాయలేకపోయాడు.

అంతకు ముందే పది గోత్రాల ఉత్తరాది ఇశ్రాయేలు రాజ్యం పోయింది. క్రీ.పూ. 722 ప్రాంతంలో దాని రాజధాని షోమ్రోను పడిపోతే, 27 వేల పైచిలుకు మందిని తోలుకుపోయానని అష్షూరు రాజు సర్గోను లెక్క రాయించాడు. ఆ పది గోత్రాలు ఏమయ్యాయని లోకమంతా వెతుకుతూనే ఉంది. మన గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలవాళ్లు తాము ఆ పదిలో ఒకటైన ఎఫ్రాయిము గోత్రంవాళ్లమని చెప్పుకుని, యూదు ఆచారాలతో శనివారం విశ్రాంతిదినం పాటిస్తున్నారు. వాళ్ల మాట రుజువయ్యేది కాదు. కానీ పెట్రమాక్స్ వెలుగులో ఇటుకల కథ విన్న పాలెంలో పుట్టినదాన్ని, నేను నవ్వలేను.

యూదా వంతు తర్వాత వచ్చింది. క్రీ.పూ. 586లో బబులోను (బాబిలోన్) వాళ్లు యెరూషలేము దేవాలయం తగలబెట్టారు. దానికి పదేళ్ల పైచిలుకు ముందే చెరపట్టి తీసుకుపోయిన రాజు యెహోయాకీను సంగతి ఒకటుంది. రాజుల గ్రంథం చివర, బబులోను రాజు అతనికి రోజువారీ బత్తెం ఏర్పాటు చేశాడని ఉంటుంది. బబులోను శిథిలాల్లో దొరికిన మట్టిపలకల్లో, యూదా రాజు యెహోయాకీనుకి, అతని అయిదుగురు కొడుకులకి ఇంత నూనె అని పద్దు దొరికింది. అక్షరాలా రేషన్ కార్డు. దావీదు సింహాసనం మీద కూర్చున్నవాడు నూనె కోసం ఎదురుచూడటం! నాయనమ్మకి ఇది చెప్పి ఉంటే క్యూలో చెల్లని కార్డు గురించి ఏదో ఒకటి అనే ఉండేది.

* * *

యెరూషలేము పాతపట్నానికి నైరుతిగా, హిన్నోము లోయ అంచున రాతిగుహ సమాధులున్నాయి. 1979లో అక్కడ తవ్వకాల్లో వేలెడంత ఉన్న రెండు వెండిరేకుల చుట్టలు దొరికాయి. పెళుసెక్కిపోయిన వాటిని విప్పడానికే ఏళ్లు పట్టింది. లోపల సన్నగా గీకిన అక్షరాలు. సంఖ్యాకాండంలో యాజకుడు అహరోను జనాన్ని దీవించే మాటలవి. బబులోనువాళ్లు తగలబెట్టిన ఆ మొదటి దేవాలయం చివరి రోజుల నాటివని చాలామంది అంచనా. బైబిలు మాటలున్న రాతల్లో ఇప్పటిదాకా దొరికినవాటిలో అవే పాతవి. ఎవరో మెళ్లో తాయెత్తుగా కట్టుకుని ఉంటారు.

ఆ దీవెన నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఒంగోల్లో బోర్డింగుకి వెళ్లే ప్రతిసారీ నాయనమ్మ బస్సు దాకా వచ్చేది. ట్రంకుపెట్టె పైన పడేశాక, నేను ఫుట్‌బోర్డు ఎక్కాక, అప్పుడు మొదలుపెట్టేది. కింద నిలబడి, చెయ్యి చాచి నా తలమీద పెట్టి, "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అని. బస్సు ఇంజను దడదడా కొట్టుకునేది. లోపల జనం "పోనియ్యవయ్యా" అని గోల. నాకు తల తీసుకెళ్లి ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆవిడ ఒక్క మాట మింగేది కాదు, తొందరపడేది కాదు. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా, ఆవిడ రెండో వాక్యం ముగించేదాకా చూసి,

"ఇంకెన్నున్నాయి మామ్మా?" అనేవాడు.

"ఒకటే నాయనా, ఉండు" అని మూడోది కూడా పూర్తిచేసి, "ఇక పోనియ్యి" అనేది.